ముల్లు లేదని రాసే ముందు

చిట్టీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంటి సంగతులన్నీ అయ్యాక, పెట్టేసే ముందు, "అన్నట్టు అక్కా, దానికి హార్బర్‌లో ముల్లు లేని చిన్న కటిల్‌ఫిష్ ఏదో దొరికిందట. కొత్త జాతి అంటోంది. పేపర్ రాస్తుందట. దానికి నీ పేరే పెడతానంటోంది" అంది. "సరేలే, మంచిదేగా" అని పెట్టేశాను. పెట్టేశానే గానీ తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు. చివరికి లేచి లైటు వేసుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే నువ్వు "అలాగే పెద్దమ్మా, అలాగే పెద్దమ్మా" అంటావు, సగమే వింటావు. కాగితం మీదైతే రెండుసార్లు చదువుతావు.

సంతోషం లేక కాదు తల్లీ. మన ఇంట్లో నా తర్వాత సముద్రం వైపు చూసినదానివి నువ్వొక్కదానివే. నీకు ఆరేళ్లప్పుడు నా బల్ల మీదున్న సముద్రఫేనం ముక్క తీసి గోటితో గీకావు. తెల్లటి పొడి రాలింది. "పెద్దమ్మా, ఇది చాక్‌పీసా?" అని అడిగి, జవాబు చెప్పేలోపే గోడ మీద గీత గీశావు. కాదమ్మా, ఇది కటిల్‌ఫిష్ అనే, ఆక్టోపస్‌కి చుట్టమైన జంతువు వీపులో పెరిగే ఎముక అన్నాను. "మరి తీసేస్తే దానికి నొప్పెట్టదా?" అని మొహం చిన్నబుచ్చుకున్నావు. ఆ పిల్ల ఇప్పుడు ఒక జాతికి పేరు పెట్టబోతోందంటే నాకు ఎంత గర్వంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

కానీ "ముల్లు లేని" అన్న మాట చెవిన పడగానే నా చేతులు చల్లబడ్డాయి. సరిగ్గా ఇదే మాట 1987లో నేనూ అన్నాను. వందమంది కూర్చున్న హాల్లో, మైకు ముందు నిలబడి అన్నాను. ఆ సంగతి మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు. నీకు మాత్రం పూర్తిగా చెప్పాలి.

ముందు నీకు తెలిసినవి గబగబా అనేస్తాను. లేబుల్ పెన్సిల్‌తో రాయి, సీసా లోపల వెయ్యి. ఫార్మలిన్‌లో పెట్టకముందే చిన్న కండ ముక్క కోసి డీఎన్‌ఏ కోసం ఆల్కహాల్‌లో వేసుకో. రంగు చెడకముందే పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యి. ఒక్కదాన్ని చూసి రాయకు, ఆడవి, మగవి, పిల్లవి, పెద్దవి అన్నీ కావాలి. మగదానికి అడుగున ఎడమవైపు చెయ్యి మారి ఉంటుంది, ఆ చేతిని నీ చేత్తోనే బొమ్మ గియ్యి. బోటు ఎంత లోతులో వల వేసిందో డ్రైవర్‌ని ఆ పూటే అడుగు, మర్నాడు ఎవరికీ గుర్తుండదు.

హార్బర్‌కి చీకటితో ఒంటరిగా వెళ్లకు. ఇది సలహా కాదు, నా మాట. వేలం జరిగే గట్టు మీద ఐసు నీళ్లు, చేప జిగురు కలిసి నూనె పోసినట్టు ఉంటుంది. నేనొకసారి అక్కడే జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. నీకు తెలిసిన ఆ వంకర అప్పటిదే. గట్టి పట్టున్న చెప్పులు వేసుకో, తోడుగా ఎవర్నయినా తీసుకెళ్లు.

ఇక అసలు విషయం.

మన తీరంలో ముల్లు లేని చిన్న కటిల్‌ఫిష్ అనగానే ముందు గుర్తు రావలసింది సెపియెల్లా ఇనర్మిస్. బాగా పెరిగినా దాని ఒళ్లు 12.5 సెంటీమీటర్లు దాటదు. మన బుట్టల్లో కనబడేవి చాలావరకు అరచేతిలో ఇమిడిపోతాయి. తీరానికి దగ్గరగా, 40 మీటర్ల లోతు లోపలే ఉంటుంది. నువ్వు వందసార్లు చూసి ఉంటావు. దాని పేరు ఎలా వచ్చిందో మాత్రం ఎప్పుడైనా కూర్చుని ఆలోచించావా?

లాటిన్‌లో ఇనర్మిస్ అంటే ఆయుధం లేనిది. మొదటిసారి ఈ అర్థం చదివినప్పుడు నాకు ఒప్పుదల కాలేదు. నోట్లో చిలక ముక్కులాంటి ముక్కుంది, కడుపులో సిరా సంచి ఉంది, ఎనిమిది చేతులు కాక రెప్పపాటులో రొయ్యని లాగేసే రెండు పొడుగు చేతులున్నాయి. ఇన్ని పెట్టుకుని ఆయుధం లేకపోవడం ఏమిటి? తర్వాత అర్థమైంది. ఆ మాట జంతువు మొత్తం గురించి అన్నది కాదు, ఎముక కొస గురించి అన్నది. చాలా కటిల్‌ఫిష్‌లకి లోపలి ఎముక వెనక కొసన సూదిలా చిన్న ముల్లు ఉంటుంది. చేత్తో తడిమితే చర్మం లోంచే గుచ్చుకుంటుంది. దీనికి అది లేదు. ముల్లు ఉండాల్సిన చోట ఎముక అంచు పలచబడి, వెడల్పుగా గరిటెలా తేలిపోయి ఉంటుంది. ఆ లేమిని చూసే దానికి పేరు పెట్టారు.

పెట్టినవాడు జొహాన్ కొన్రాడ్ వాన్ హసెల్ట్ అనే డచ్ కుర్రాడు. కుర్రాడు అనే అంటాను. 1820 చివర్లో హైన్రిక్ కూల్ అనే స్నేహితుడితో కలిసి జావాలో దిగాడు. ఇద్దరూ 1797లో పుట్టినవాళ్లే. ఏడాది తిరక్కుండానే, 1821లో, కూల్ జబ్బు చేసి పోయాడు. వాన్ హసెల్ట్ ఒక్కడే మిగిలి, రెండేళ్లు చేపలు, నత్తలు, పక్షులు, ఏది దొరికితే అది చూసి రాసుకుంటూ బొమ్మలు వేయించుకుంటూ గడిపి, 1823లో తనూ పోయాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. నీ వయసు చిట్టీ. ఆ లెక్క నిన్న రాత్రి మళ్లీ వేసుకుని కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. జ్వరం వచ్చినా మాత్ర మింగి ల్యాబ్‌కి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. వెళ్లకు. నువ్వు రెండు రోజులు పడుకుంటే సీసాలో జంతువులకి ఏమీ కాదు.

అతను పెట్టిన పేరు అచ్చులోకి వచ్చింది 1835లో, అతను పోయిన 12 ఏళ్లకి. ఫెరుస్సాక్, డోర్బిగ్నీ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు తమ గ్రంథంలో ఆ పేరు వాడారు. అందుకే నేను చదువుకున్న రోజుల్లో మన లేబుల్స్ మీద జాతి పేరు పక్కన "ఆర్బిగ్నీ" అని ఉండేది. ఇప్పటి జాబితాల్లో వాన్ హసెల్ట్ పేరుంటుంది. ఈ మార్పు మొదటిసారి చూసినప్పుడు నాకు ఎవరో చుట్టం అప్పు తీర్చినంత తృప్తిగా అనిపించింది. అతను దాన్ని కటిల్‌ఫిష్‌ల పాత గుంపు పేరుతో సెపియా అనే అన్నాడు. 1849లో లండన్‌లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దీన్నీ, దీనిలాంటివాటినీ విడదీసి సెపియెల్లా అన్నాడు, అంటే చిన్న సెపియా. ఇల్లు మారింది కాబట్టే వాన్ హసెల్ట్ పేరు ఇప్పుడు బ్రాకెట్లలో ఉంటుంది. నువ్వు ఇంతకుముందు పంపిన ఇంకో పేపర్ డ్రాఫ్టులో ఆ బ్రాకెట్లు మర్చిపోయావు, దిద్దుకో.

గ్రే విడదీయడానికి కారణం ముల్లు ఒక్కటే కాదు. సెపియెల్లాకి ఒంటి కింది వైపున, వెనక కొసన, రెండు రెక్కల మధ్యలో ఒక గ్రంథి, దానికి ఒక చిన్న రంధ్రం ఉంటాయి. తాజా జంతువు అయితే అక్కడినుంచి ఎర్రటి గోధుమరంగు ద్రవం కారుతుంది. జపాన్‌లో దీని చుట్టం ఒకటుంది, సెపియెల్లా జపోనికా. అక్కడివాళ్లు దాన్ని షిరియాకే ఇకా అంటారు, అంటే పిర్ర కాలిన కటిల్‌ఫిష్ అని. వెనక ఆ మరక చూస్తే నిజంగా వాత పెట్టినట్టే ఉంటుంది. లాటిన్ పేరు లేనిదాన్ని చెప్పింది, జపాన్ జాలర్ల పేరు ఉన్నదాన్ని చెప్పింది. నాకు జాలర్ల పేరే ఎక్కువ ఇష్టం. ఎందుకిష్టమో కింద చదివితే నీకే తెలుస్తుంది.

1986 డిసెంబర్. నేను అప్పుడు రీసెర్చ్ స్కాలర్‌ని. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు దిగే గట్టు మీద ఒకావిడ కూర్చుని చిల్లర సరుకు ఏరేది. నల్లటి మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు, చేతివేళ్ల చివర్లు ఉప్పుకి పగిలి ఉండేవి. పెద్ద కటిల్‌ఫిష్ కంపెనీలకి వెళ్లిపోయాక మిగిలిన పొట్టివాటిని ఆవిడ రెండు పోగులు పెట్టేది. నాకు రెండూ ఒకేలా కనబడ్డాయి. రెండింట్లోంచీ చెయ్యి పెట్టి తీస్తుంటే నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ఏటమ్మా, రెండూ కలిపేత్తన్నావు? ఇది ఎనకాల మరక పెడతాది. అది పెట్టదు. రెండూ ఒకటి కాదు" అంటూ ఒకదాన్ని తిరగేసి, కొసన బొటనవేలితో నొక్కి, ఆ వేలు నా కళ్ల ముందు పెట్టింది. వేలి మీద తుప్పు నీళ్లలాంటి మరక. తర్వాత రెండో పోగులోదాన్ని అలాగే నొక్కింది. వేలు శుభ్రంగా ఉంది.

నేను నవ్వి, తలూపి, మరక పెట్టని పోగులోంచి పదకొండు కొనుక్కుని వచ్చేశాను. ఆవిడ చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకోలేదు. అప్పట్లో పుస్తకంలో ఉన్నదే చదువు అనుకునేదాన్ని.

ఆ పదకొండింటినీ ఫార్మలిన్ సీసాలో వేశాను. ఫార్మలిన్ ల్యాబ్ మూలనున్న పాత డబ్బాలోది. నీళ్లు కలిపానే గానీ ఇంకేమీ కలపలేదు. ఎముక బయటికి తీయలేదు. తీరిగ్గా కోద్దాం అనుకున్నాను. ఆ వారమే అమ్మమ్మకి పక్షవాతం వచ్చింది. నువ్వు అమ్మమ్మని చూడలేదు. ఎనిమిది నెలలు ఆవిడ మంచం పక్కనే ఉన్నాను. స్నానం చేయించడం, అన్నం కలిపి పెట్టడం, రాత్రిళ్లు ఒత్తిగించడం. మీ అమ్మ అప్పుడు చిన్నది, ఇంటర్ చదువుతోంది, వంటంతా తనే చేసేది. సీసా సంగతి నాకు జ్ఞాపకం కూడా రాలేదు. అమ్మమ్మ పోయాక, ఆగస్టులో ల్యాబ్‌కి తిరిగి వచ్చాను.

వచ్చిన మూడో రోజున ఆ సీసా తెరిచాను. ఒకదాని వీపు మీద చర్మం నిలువుగా కోసి ఎముక బయటికి లాగాను. ఆ ఎముక ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. తడిసిన అట్టముక్కలా వంగింది. అంచులు నలిగిన కాగితంలా ఉన్నాయి. వెనక కొస గుండ్రంగా, నున్నగా ఉంది, ముల్లు లేదు. ఇంకోటి కోశాను, లేదు. మూడోదానికీ లేదు. గబగబా తిరగేసి రెక్కల మధ్య చూశాను, రంధ్రం లేదు. ముల్లు లేదు కాబట్టి అప్పట్లో మన దగ్గర దొరికే సెపియా దేనితోనూ సరిపోదు. రంధ్రం లేదు కాబట్టి సెపియెల్లా కాదు. మరైతే ఇది ఏమిటి? నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే చేతిలో ఫోర్‌సెప్స్ వణికాయి. ఎనిమిది నెలల చావు వాసన తర్వాత మొదటిసారి నాకు ఒక మంచి విషయం జరిగింది అనిపించింది. దాన్ని వదులుకోవాలనిపించలేదు తల్లీ. ఆ తప్పు అలా మొదలైంది.

మెత్తగా ఉందని చూశాను. చూసి, పిల్ల జంతువు కాబట్టి ఎముక ఇంకా గట్టిపడలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. పొడుగు చేతుల కొసన సక్కర్లు, అంటే వేటని అంటిపెట్టుకునే చిన్న గిన్నెల్లాంటివి, లెక్కపెట్టాను. అడ్డ వరసకి ఆరు నుంచి ఎనిమిది వచ్చాయి. సెపియెల్లా ఇనర్మిస్‌కైతే చిన్నచిన్నవి, ఒకే సైజువి, వరసకి 12 నుంచి 24 దాకా ఉంటాయి. చేతి కొస కూడా పొట్టిగా ఉంది. ఇవన్నీ నా నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే ఉన్నాయి. అవి ఒక పేరు వైపు వేలెత్తి చూపిస్తున్నాయి, నేను ఆ వైపు చూడలేదు. నాకు కావలసింది కొసన ఆ నున్నటి గుండ్రం.

నవంబర్‌లో ఒక సెమినార్‌లో పేపర్ చదివాను. కొత్తది కావచ్చు అన్నాను. సారాంశం అప్పటికే అచ్చయి అందరి చేతుల్లో ఉంది. చప్పట్లు కొట్టారు. అప్పుడు మూడో వరసలోంచి ఒక పెద్దాయన లేచి, చాలా మెల్లగా, ఏమీ ఎగతాళి లేకుండా అడిగారు: "అమ్మా, ఆ ఎముకని గోటితో గీకి చూశారా? పొడి రాలిందా?"

రాలలేదు. నేను గీకలేదు కూడా. కానీ రాలదని ఆయన అడిగిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

నీకు ఆ కెమిస్ట్రీ తెలుసు, అయినా రాస్తాను. సముద్రఫేనం అంటే అరగొనైట్, కాల్షియం కార్బొనేట్. ఫార్మలిన్ నిలవ ఉంటే గాలి తగిలి అందులో ఫార్మిక్ ఆమ్లం తయారవుతుంది. ఆమ్లంలో సున్నం కరుగుతుంది. పలచటి చోట ముందు కరుగుతుంది. ముల్లు కంటే పలచనిది, సన్ననిది ఎముకలో ఇంకేముంది? ఎనిమిది నెలల్లో సున్నం పోయి, దాన్ని పట్టుకుని ఉండే మెత్తటి పొర మిగిలింది. ఆ జంతువుకి ముల్లు ఉంది చిట్టీ. దాన్ని తీసేసింది నేను.

మర్నాడు రైలు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా హార్బర్‌కే వెళ్లాను. ఆవిడ అక్కడే కూర్చుని ఏరుతోంది. మరక పెట్టని పోగులోంచి ఒకటి తీసుకుని, ఆవిడ కత్తితోనే, ఆవిడ బల్ల మీదే వీపు కోశాను. ఎముక తెల్లగా, గట్టిగా వచ్చింది. కొసన ముల్లు వేలికి గుచ్చుకుని చుక్క రక్తం వచ్చింది. అది సెపియా బ్రెవిమానా. 1875లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్టీన్‌స్ట్రప్ పెట్టిన పేరు. బ్రెవిమానా అంటే పొట్టి చెయ్యిగలది. నేను లెక్కపెట్టి, పొట్టిగా ఉందని రాసుకుని, పక్కన పెట్టేసిన ఆ చేతి కొసే దాని పేరు. ఆవిడ నా వేలు చూసి, కొంగు చింపి కట్టి, "సెప్పేను కదమ్మా" అంది. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు.

తప్పు ఇంతటితో ఆగలేదు, అందుకే ఇంత రాస్తున్నాను. సిగ్గుపడి నేను దిద్దుబాటు రాయలేదు. సారాంశమే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాను. నాలుగేళ్ల తర్వాత ఒక కుర్రాడి థీసిస్‌లో నా "ముల్లు లేని రూపం" ఒక జాబితాలో కనబడింది. నన్ను నమ్మి, తను చూడకుండానే రాసుకున్నాడు. ఆ రాత్రి కూర్చుని అతనికీ, సెమినార్ వాళ్లకీ ఉత్తరాలు రాశాను. మొదటి వారంలోనే రాసి ఉంటే రెండు వాక్యాలతో పోయేది.

నువ్వు ఆరేళ్లప్పుడు ఆ ముక్కని గోటితో గీకావే, పొడి రాలి నీ ఫ్రాక్ మీద పడిందే, అప్పుడు నేను ఎందుకు లేచి లోపలికి వెళ్లిపోయానో నీకు ఇప్పుడు చెప్పినట్టయింది. నీ మీద కోపం కాదమ్మా. నేను చేయని పని నువ్వు అడక్కుండానే చేసేశావు.

కాబట్టి విను. ఫార్మలిన్‌లో వేయకముందే కనీసం మూడు నాలుగు తాజావాటి ఎముకలు తీసెయ్యి. వీపు మధ్యలో నిలువుగా కొయ్యి, కొస దగ్గర కత్తి పెట్టకు, అక్కడ వేలితో చర్మం వలుచు. ముల్లు విరిగేది అక్కడే. విరిగిన ముల్లుకీ లేని ముల్లుకీ తేడా లెన్స్ కింద తెలుస్తుంది, విరిగిన చోట గరుకుగా ఉంటుంది. మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టు. ఏ జంతువు ఎముకో ఆ జంతువు నంబరే దాని మీదా ఉండాలి. చెక్క డ్రాయర్లో, అట్టపెట్టెలో ఏళ్ల తరబడి దాచకు, వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కూడా సున్నాన్ని తింటుంది.

ఫార్మలిన్‌లో వెలిగారం కలుపు, అదే మీ బోరాక్స్. కలిపి ఊరుకోకు, లిట్మస్ కాగితం ముంచి చూడు, నెల తర్వాత మళ్లీ చూడు. గట్టిపడ్డాక కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చెయ్యి. ఈ పని చేసేటప్పుడు కిటికీలన్నీ తెరిచి ఉంచు, చేతులకి గ్లవ్స్ వేసుకో. మా రోజుల్లో ఎవరూ వేసుకోలేదు. నా వేళ్ల చివర స్పర్శ ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది.

సెపియాల్లో కూడా ముల్లు లేనివి లేకపోలేదు. కాబట్టి నీ దగ్గరున్నవి తాజా ఎముకలే అయి, నిజంగా ముల్లు లేకపోయినా, అదొక్కటే చూసి కొత్తది అనకు. సక్కర్లు, చేతి కొస, ఎముక మీద చారలు, మగదాని మారిన చెయ్యి, డీఎన్‌ఏ, ఇవన్నీ ఒకే మాట చెప్పాలి. ఒకే జంతువుకి రెండో పేరు పెడితే జరిగే గందరగోళం చిన్నది కాదు. 1884లో రోష్‌బ్రూన్ సెపియెల్లా మైండ్రోని అని ఒక పేరు పెట్టాడు. తర్వాత చూస్తే అది మన ఇనర్మిసే అని తేల్చారు. ఈలోగా ఆ పేరు చైనా, జపాన్ జంతువుకి అంటుకుని దశాబ్దాల తరబడి తిరిగింది. ఇప్పటికీ పాత పేపర్లు చదివేవాళ్లు ఏది ఏదో విడదీసుకోవలసి వస్తోంది.

పేరు సంగతి. ఒకసారి నియమాల ప్రకారం అచ్చయిన పేరుని, సరిపోలేదని తర్వాత మార్చలేవు. పెట్టిన నువ్వే వద్దనుకున్నా కుదరదు. ఊరి పేరు పెట్టవచ్చు. విలియం ఆడమ్ 1939లో ఏడు సెంటీమీటర్ల ఒక చిన్న కటిల్‌ఫిష్‌కి బాండా దీవుల పేరు మీద బాండెన్సిస్ అని పెట్టాడు. జపాన్ కోబె పేరు మీద హోయిల్ 1885లో కోబియెన్సిస్ అన్నాడు. మనిషి పేరు కూడా పెట్టవచ్చు. మన సముద్రంలోనే ఉన్న సెపియా ప్రషాది జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన బైనీ ప్రషాద్ పేరు మీద వచ్చింది, 1936లో వింక్‌వర్త్ పెట్టాడు. మగవాళ్ల పేరైతే చివర ఇంగ్లీషు ఐ అక్షరం, ఆడవాళ్ల పేరైతే ఏ, ఈ అక్షరాలు రెండూ చేరతాయి. ఆన్‌లైన్ పత్రికలో వేస్తే జంతువుల పేర్ల జాబితా అయిన జూబ్యాంక్‌లో ముందే నమోదు చెయ్యి, లేకపోతే పేరు చెల్లదు. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం కొత్త జాతి సంగతి ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి నమూనా అక్కడ ఇవ్వాలి. జంతువులకైతే కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే అలాంటిదే. టైప్ నమూనాని, అంటే ఆ పేరుకి ఆధారమైన అసలు జంతువుని, మీ ల్యాబ్ అల్మారాలో ఉంచుకోకు. ల్యాబ్‌లు ఖాళీ చేస్తారు, సీసాలు ఎండిపోతాయి. నా పదకొండూ అలాగే పోయాయి.

నా పేరు పెడతానన్నావు. మీ అమ్మ ఆ మాట చెప్పినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధం ఎందుకు. అయినా ఇప్పుడే ఆ మాట అనుకోకు. పేరు ముందు మనసులో పడిపోతే కళ్లు జంతువుని చూడవు, ఆ పేరుని నిలబెట్టే ఆధారాన్నే వెతుకుతాయి. 1987లో నేను కూడా మనసులో ఒక పేరు రాసుకున్నాను. అమ్మమ్మ పేరు. చివర ఆ రెండు అక్షరాలు చేర్చి, నోట్‌బుక్ వెనక అట్ట మీద ఎన్నిసార్లు రాసుకున్నానో. ఆ ముల్లు నాకు ఎందుకు కనబడలేదో నీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇంకొక్క సంగతి, ఇన్నేళ్లుగా నన్ను పొడుస్తున్నది. హార్బర్‌లో ఆవిడ నాకు రెండు జాతుల్ని ఒక్క బొటనవేలితో విడదీసి చూపించింది. నేను వాటి పేర్లు, వాటికి పేర్లు పెట్టినవాళ్ల పేర్లు, సంవత్సరాలు అన్నీ కంఠతా పట్టాను. ఆవిడ పేరు అడగలేదు. ఉద్యోగం వచ్చి ఊరు మారాను, తిరిగి వచ్చేసరికి ఆ చోట ఇంకెవరో కూర్చుని ఉన్నారు. నీకు ఆ జంతువుని ఎవరు ఏరి ఇచ్చారు? బోటు కళాసీయా, వేలం దగ్గర ఎవరైనా ఆడమనిషా? రేపే వెళ్లి పేరు అడుగు, ఇంటిపేరుతో సహా రాసుకో. వాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో, దేంతో వేరుచేస్తారో కూడా అడుగు. వాళ్లు చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే రాసుకో. పేపర్‌లో వాళ్ల పేరు ఉండాలి.

ఇప్పుడు నేను చెప్పేది ఈ ఉత్తరం చదవగానే చెయ్యి. ల్యాబ్‌కి వెళ్లి, నీ పెద్ద నమూనా ఎముక తీసి, కాస్త ఆరనిచ్చి, పక్క అంచు మీద గోటితో మెల్లగా గీకు. కొస దగ్గర వద్దు. పొడి రాలకపోతే ఏడవకు, ఎవరితోనూ ఏమీ అనకు, ఆదివారం నేను బస్సెక్కి వస్తాను, ఇద్దరం కలిసి హార్బర్‌కి వెళ్లి తాజావి తెచ్చుకుందాం. పొడి రాలితే మాత్రం ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యి. నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ